టికెట్టు బాబాయి

ప్రతి కుటుంబంలోనూ ఒక టికెట్టు బాబాయి ఉంటాడు. పెళ్ళికెళ్తే విస్తరికెంత పడి ఉంటుందో లెక్కగట్టేదీ, గుళ్ళో ప్రత్యేక దర్శనం క్యూలో వాచీ చూసుకునేదీ ఈయనే. ఈయన విశ్వరూపం చూడాలంటే మాత్రం సెలవులకి కాకినాడ తీసుకెళ్ళి, యానాం దారిలో కోరంగి అభయారణ్యం గేటు దగ్గర దింపాలి.

"మనిషికెంత?" అనేది మొదటి ప్రశ్న. "లోపల ఏమేం చూపిస్తారు?" అనేది రెండోది. బోర్డు మీద బావురుపిల్లి, నీరుకుక్క, నక్క, కొంగల బొమ్మలుంటాయి. బాబాయి దాన్ని హోటల్లో మెనూ చదివినట్టు చదివి, "ముందు పిల్లిని చూపించండి" అంటాడు.

అది రాత్రుళ్ళు చేపలు పట్టుకుని, పగలు పొదల్లో పడుకునే జీవమని గార్డు చెబుతాడు.

"మరి పగలు టికెట్లెందుకు అమ్ముతున్నారయ్యా?"

ప్రశ్నలో బలం లేకపోలేదు. కాకపోతే 1978లో ప్రకటించిన ఈ 235 చదరపు కిలోమీటర్లలో అభయం ఇచ్చింది పిల్లికి, బాబాయికి కాదు.

చెక్కబాట మీద నాలుగడుగులు వేయగానే ముక్కు మూసుకుంటాడు. "డ్రైనేజీ అంతా ఇటే వదిలేశారు!" డ్రైనేజీ కాదు. గాలి చొరని బురదలో మడచెట్ల ఆకులు కుళ్ళితే పుట్టే వాసన అది. ఆ బురదలో ఊపిరాడకే తెల్లమడ వేళ్ళు నేలలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీల్చుకుంటాయి. రొయ్యపిల్లలకీ పీతపిల్లలకీ తిండి పెట్టేది ఆ కుళ్ళే. మధ్యాహ్నం బాబాయి మూడోసారి వడ్డించుకునే సముద్రపు రొయ్యల ఇగురు బాల్యం ఈ కంపులోనే గడిచి ఉండొచ్చు. ఆ సంగతి చెప్పినా ఆయన తినడం మానడు. ధర తగ్గించమంటాడు.

పళ్ళు కుట్టుకోవడానికి పుల్ల కావాలని తిల్ల చెట్టు కొమ్మ మీద చెయ్యి వేస్తాడు. "వద్దు బాబూ! ఆ పాలు కంట్లో పడితే చూపు పోద్దండి," అని బోటు మనిషి కేకేస్తాడు. "మరి బోర్డేదీ?" అని బాబాయి అతన్నే గదమాయిస్తాడు.

"సరే, బోటు ఎన్నింటికి?"

"పోటొస్తే ఎళ్దారండి. ఇప్పుడు పాటు కదండీ, కాలవలో నీళ్ళు చాలవు."

"కాస్త ముందొచ్చేలా చూడు. పైవాళ్ళతో మాట్లాడమంటావా?"

మాట్లాడొచ్చు. పైనున్నది చంద్రుడు.

పిన్ని మాత్రం ఈ గొడవేదీ పట్టించుకోదు. రెయిలింగు పట్టుకుని కిందికి వంగి, బురద మీద మొప్పల వెనక రెక్కలతో పాకుతూ, ఉన్నట్టుండి గెంతే చిన్న చేపని చూస్తూ ఉంటుంది. నీళ్ళొదిలి నేల మీద తిరిగే చేపని ఆవిడ జన్మలో చూడలేదు. "ఏవండీ, ఒక్కసారి ఇటు చూడండి!"

బాబాయి వచ్చి చూస్తాడు. "ఇది బోర్డు మీద లేదుగా," అని వెళ్ళిపోతాడు.

సాయంత్రానికి కుటుంబం వాట్సాప్ గ్రూపులో బావురుపిల్లి ఫొటో వెలుస్తుంది. అంచులు కత్తిరించేసిన బోర్డు అది. "సూపర్ అన్నయ్యా", "అంత దగ్గరికెలా వెళ్ళావు పెదనాన్నా" అని మెచ్చుకోళ్ళు వచ్చి పడతాయి. బావమరిది ఒక్కడే, "పొట్ట మీద ఆ మేకేంటి బావా?" అని అడుగుతాడు.

బాబాయి తడుముకోడు. "మేకు కాదోయ్, చిప్పు. ఫారెస్టువాళ్ళు పెట్టారు."