ఉల్కాపతి

రెండు ఖరీదైన కార్లు వాకిట్లో ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ నిలబడి, గ్యారేజీ తలుపు మాత్రం పగలూ రాత్రీ మూసే ఉందంటే అది ఉల్కాపతి ఇల్లేమోనని అనుమానించాలి. అమెరికాలో గ్యారేజీలో కారు పెట్టుకోనివాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు అందులో పాత సోఫాలు, పిల్లల సైకిళ్లు పడేస్తారు. ఉల్కాపతి దేన్నీ పడెయ్యడు. ఆయన గ్యారేజీలో గాలిలో తేమ కొలిచే మీటరుంది, నేలమీద తివాచీ ఉంది, తివాచీ మీద మనిషెత్తు చెక్కపెట్టె ఉంది. ఆ పెట్టెలో 1979లో అటారీ కంపెనీ చేసిన ‘ఆస్టరాయిడ్స్’ ఆట ఉంది.

ఉల్కాపతి అన్నది నేను పెట్టుకున్న పేరు. ఈయన ఒకడు కాడు. ఒహాయోలో ప్లంబరుగా ఉంటాడు, టెక్సస్‌లో పళ్ల డాక్టరుగా ఉంటాడు, నేనుండే సన్నీవేల్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజరుగా ఉంటాడు. వయసు యాభై అయిదు, అటో ఇటో. పన్నెండేళ్లప్పుడు పిజ్జా కొట్టు మూలన ఈ పెట్టె ముందు నిలబడి, జేబులోని క్వార్టర్ డాలరు నాణేలన్నీ దానికి సమర్పించుకుని ఖాళీ చేతులతో ఇంటికి నడిచినవాడు. ఆ బాకీ ఇప్పుడు వసూలు చేసుకుంటున్నానంటాడు. ఎవరి దగ్గర ఎవరు వసూలు చేస్తున్నారో ఆయన భార్యనడిగితే లెక్క తేలుతుంది.

అటారీ ఉండేది ఈ సన్నీవేల్‌లోనే. ఇప్పుడు సాయంత్రం నడకకు వెళితే ఇక్కడి వీధుల్లో తెలుగు గట్టిగానే వినిపిస్తుంది. మావాళ్లలో చాలామందికి చిన్నప్పుడు వీడియో గేమంటే టీవీకి తగిలించుకునే క్యాసెట్టు. అందుకని కొత్త తెలుగు మొహం కనబడితే ఉల్కాపతికి పండగ. ఏమీ తెలియనివాడు దొరికాడని అర్థం.

తెలియజెబుతాడు. ముందు ప్రవర: ఊహ లైల్ రెయిన్స్‌ది, ప్రోగ్రాం రాసింది ఎడ్ లాగ్, సర్క్యూట్లు హోవర్డ్ డెల్మన్‌వి. తరవాత ఆట. నల్లటి తెర నడుమ తెల్లగీతల చిన్న త్రికోణం, అది మీ ఓడ. చుట్టూ వంకరగీతల బండలు తేలుతుంటాయి. పెద్ద బండను కొడితే 20 పాయింట్లు, అది పగిలి మధ్యరకం బండలవుతుంది. వాటికి 50. అవి మళ్లీ పగిలి చిన్నవవుతాయి, వాటికి 100. మధ్యలో ఎగిరే పళ్లేలొస్తాయి. పెద్ద పళ్లెం గురీ గుడ్డూ లేకుండా కాలుస్తుంది, కొడితే 200. చిన్నది గురిచూసి మరీ కాలుస్తుంది, కొడితే 1000. బొత్తాలు అయిదు. నాలుగు సరే, అయిదోది హైపర్‌స్పేస్. నొక్కితే మాయమై తెరమీద ఇంకెక్కడో తేలుతారు, తేలినచోటే పేలిపోయినా పోవచ్చు. చావు తప్పించుకోవడానికి పెట్టిన బొత్తాంలోనే చావు పెట్టడం ఎంత గొప్ప ఆలోచనో చెప్పేటప్పుడు ఆయన గొంతు పూడుకుపోతుంది.

అంతా విని కొత్తవాడెవడో, మర్యాద కోసమే, “ఇది ఫోన్లో కూడా వస్తుంది కదండీ?” అంటాడు. ఇక ఆ పూట ఇంటికి పోలేడు.

ఉల్కాపతి మాట్లాడకుండా వెళ్లి దీపాలార్పుతాడు. చీకట్లోంచి గొంతు మాత్రం వస్తుంది. మన పాత డబ్బా టీవీల్లో ఎలక్ట్రాన్ కిరణం పైనుంచి కిందికి వరసలు వరసలుగా తెరంతా దున్నుతుంది. ఈ పెట్టెలో ఉన్నది వెక్టర్ మానిటరు. ఇందులో కిరణం ఎక్కడ గీత కావాలో అక్కడికే నేరుగా వెళ్లి గీస్తుంది. అందుకే గీత ఎంత ఏటవాలుగా ఉన్నా మెట్లు మెట్లుగా కనిపించదు. తూటా కావాలంటే కిరణమంతా ఒక్క చుక్క మీదికి వస్తుంది, ఆ చుక్క భగ్గున వెలిగి వెనక సన్నటి వెలుగుచార వదులుతుంది. ఇదంతా భక్తి ముదిరి చెబుతున్నాడనుకున్నాను గానీ, చీకట్లో చూస్తే నిజమే. ఆ తెలుపు ఫోన్లో రాదు. ఆ సంగతి ఆయనతో అనకూడదు. అంటే ఇంకో గంట.

పోనీ అపురూపమైన వస్తువా అంటే అదీ కాదు. అటారీ 70,000కు పైగా పెట్టెలు అమ్మింది. నాణేలు నిండి పొంగిపోతున్నాయని అప్పట్లో ఆర్కేడ్ల వాళ్లు లోపలి డబ్బా మార్చి పెద్దది పెట్టించుకున్నారు. కాకపోతే మొదటి 200 ఆటలను అంతకుముందు ఆట ‘లూనార్ ల్యాండర్’ కోసం చేసిన పెట్టెల్లోనే, ఆ బొమ్మలతోనే పంపేశారు. అందువల్ల ఉల్కాపతి ఎవరింట్లో లూనార్ ల్యాండర్ కనబడినా కుశలప్రశ్నలు పక్కనబెట్టి టార్చిలైటు తీసుకుని దాని వెనక్కి వెళతాడు.

ఈ పెట్టెలు దొరికేది రెండు దారుల్లో. ఒకటి, ఎప్పుడో ఆటల వ్యాపారం మానేసిన ముసలాయన గోడౌను. ఆ తలుపు తెరిపించడాన్ని వీళ్లు ‘వేర్‌హౌస్ రెయిడ్’ అంటారు. దొరికేవి ఎలుకగూళ్లు, అడుగు ఉబ్బిపోయిన చెక్కలు. రెండోది, అమ్మకం ప్రకటనలు. వాటి భాష ఆయనకు కంఠతా వచ్చు. ‘కిందటిసారి పెట్టినప్పుడు పనిచేసింది’ అంటే ఆ కిందటిసారి రీగన్ గారి హయాం. ‘చిన్న ఫ్యూజు మారిస్తే చాలు’ అంటే ఆ చిన్న ఫ్యూజును అమ్మేవాడే పదిసార్లు మార్చి విసిగాడు. ఇవన్నీ నాకు విడమరచి చెప్పి, చెప్పిన మర్నాడే అలాంటి ప్రకటన చూసి కొన్నాడు.

కొన్నాక తగువు మొదలవుతుంది. ఉల్కాపతుల్లో రెండు శాఖలున్నాయి. గీత పడినచోట పుట్టీ పెట్టి, పక్కబొమ్మలు కొత్తవి అతికించి, పెట్టె ఫ్యాక్టరీ నుంచి నిన్ననే వచ్చినట్టుండాలనేది ఒకటి. ఎవడో ఆడుతూ ఆడుతూ బొత్తాల పక్కన పెట్టి మర్చిపోయిన సిగరెట్టు మచ్చతో సహా ఉన్నదున్నట్టు ఉంచాలనేది రెండోది. అడ్డనామాలకూ నిలువునామాలకూ ఇంత పట్టింపు ఉందనుకోను. మా ఉల్కాపతి మచ్చల శాఖ. తన మచ్చ 1980 నాటిదని వాదిస్తాడు, ఎదుటివాడి మచ్చ నకిలీదంటాడు.

రిపేరు దగ్గర మాత్రం శాఖాభేదం లేదు. తెర వణికినా, బొమ్మ కుంచించుకుపోయినా, అసలు ప్రాణమే లేకపోయినా మొదటి ప్రశ్న ఒక్కటే: “బిగ్ బ్లూ మార్చావా?” బిగ్ బ్లూ అంటే కరెంటు సరఫరా దిమ్మలో ఉండే బొద్దుపాటి నీలం కెపాసిటరు. అది మార్చాక బోర్డు అంచుల్లో పట్టిన చిలుమును పెన్సిలు రబ్బరుతో రుద్దాలి. దాని తరవాత పిక్చర్ ట్యూబు. ప్లగ్గు పీకేసినా అందులో వేల వోల్టులు దాక్కుని ఉంటాయి కాబట్టి ఒక చెయ్యి జేబులో పెట్టుకుని రెండో చేత్తోనే పని చెయ్యాలంటారు. శనివారం మధ్యాహ్నాలు ఉల్కాపతి అలా ఒంటిచేత్తో పెట్టెలోకి దూరి, కాళ్లు మాత్రమే బయటికి కనబడుతూ ఉంటాడు. భార్య కాఫీ కప్పు ఆ కాళ్ల పక్కన పెట్టి వెళుతుంది.

ఇంత చేసినవాడు ఎంత బాగా ఆడతాడో అనుకుంటాం. 10,000 పాయింట్లకు అదనంగా ఒక ఓడ ఇస్తారు. ఆ ఓడను ఆయన చూసినట్టు నాకు గుర్తులేదు. 1982లో స్కాట్ సాఫ్రన్ అనే పదిహేనేళ్ల కుర్రాడు ఒక్క నాణేనికి రెండు రోజులు దాటి ఆడి 41,336,440 పాయింట్లు చేశాడు. పోగుచేసుకున్న ఓడలు ఒక్కొక్కటే పేలిపోతుండగా ఆ సందులో వెళ్లి ఏదైనా తిని రావడం ఈ పందేల్లో మామూలు. తెరమీద అంకె లక్ష చేరబోతుంటే మళ్లీ సున్నాకు పడుతుంది కాబట్టి లెక్క రాసుకునేందుకు పక్కన ఇంకో మనిషి కావాలి. ఆ రికార్డును జాన్ మెక్‌అలిస్టర్ దాటింది 2010లో. ఈ కథ ఉల్కాపతి తన సొంత తమ్ముళ్ల కథలా చెబుతాడు, చెబుతూనే 7,000 దగ్గర చిన్నపళ్లెం చేతిలో పోతాడు. పోయి, జేబులోంచి ఇంకో క్వార్టరు తీసి వేస్తాడు. డబ్బు అడక్కుండా ఆడించే స్విచ్చు లోపల ఉంది, తాళంచెవి ఆయన మొలలోనే ఉంది. అయినా వెయ్యడు. నెలాఖరున పెట్టె తెరిచి తన నాణేలు తానే లెక్కపెట్టుకుని, “ఈ నెల వ్యాపారం బాగుంది” అంటాడు.

ఏటా మా వైపు ‘కాలిఫోర్నియా ఎక్స్‌ట్రీమ్’ అని ప్రదర్శన జరుగుతుంది. ఉల్కాపతులంతా తమ పెట్టెలను లారీల్లో మోసుకొచ్చి జనానికి నాణెం లేకుండా ఆడుకోవడానికి వదిలేస్తారు. అక్కడ స్విచ్చు వెయ్యక తప్పదు. ఈసారి రెండు రోజులూ మా ఉల్కాపతి తన పెట్టె పక్కనే ఉన్నాడు. అది ఒక్కసారైనా ఆగలేదు. అందరూ మెచ్చుకుంటుంటే ముళ్లమీద ఉన్నట్టున్నాడు. అవతల ఎవరి పెట్టెలోనో పొగ వచ్చిందనగానే పరుగెత్తాడు, తిరిగొచ్చేసరికి మొహం కడిగినట్టు తేటగా ఉంది.

అందుకే ఈ మధ్య మాటలు ‘టెంపెస్ట్’ చుట్టూ తిరుగుతున్నాయి. అదీ అటారీదే, 1981 నాటిది. దాని వెక్టర్ మానిటరుకు రంగులున్నాయి.

“రంగులు సరే, గట్టిదేనా?” అన్నాను.

“అబ్బే, ఊరికే కాలిపోతుంది!” అన్నాడు, పెళ్లిసంబంధం కుదిరినవాడిలా.

మా ఆవిడ ఈ సంగతి వినగానే, “ఏమండీ, మీరు ఆయనతో ఎక్కువ తిరక్కండి. మన గ్యారేజీ ఖాళీగా ఉందని ఆయనకు తెలుసు” అంది. నిన్న సాయంత్రం ఉల్కాపతి ఫోన్ చేశాడు. పిల్లలెలా ఉన్నారని అడగలేదు. శాక్రమెంటోలో ఒకాయన దగ్గర టెంపెస్ట్ ఉందట, చిన్న ఫ్యూజు మారిస్తే చాలట.

“శనివారం ఖాళీయేనా? నీకు నడుంనొప్పి లాంటివేం లేవుగా?”