క్లిప్పు ఊడితే కొంప మునిగినట్టే

స్పోర్ట్స్ కారులో చిన్న భాగం అంటూ ఉండదు. ఉన్నా విడిగా దొరకదు.

పక్క అద్దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు విరిగిందా, క్లిప్పు ఇవ్వరు. అద్దం, మోటారు, డొప్ప కలిపి సెట్టుగా అంటగడతారు. గుండీ ఊడితే కోటు కుట్టించుకున్నట్టు.

ఇంతటి అపురూప భాగాల పుట్టుపూర్వోత్తరాలు తీస్తే నవ్వొస్తుంది. 1999లో లాంబోర్గిని డయాబ్లోకు బిగించిన హెడ్‌లైట్లు నిస్సాన్ 300 జడ్‌ఎక్స్‌వి. జాగ్వార్ ఎక్స్‌జే 220 పక్క అద్దాలు సిట్రోయెన్ సీఎక్స్‌వి, వెనక దీపాలు రోవర్ 200వి. సరుకు అదే, పక్కన ఎద్దో పులో చేరితే ధర చుక్కలంటుతుంది.

ఛత్తీస్‌గఢ్‌లో 2012లో జిల్లా అయిన సుక్మాకు ఈ విడిభాగాల బెంగ లేదు. జగదల్‌పూర్ నుంచి కుంట మీదుగా భద్రాచలం వైపు దిగే 30వ నంబరు జాతీయ రహదారి పక్కన మెకానిక్కుకు మూడే విడిభాగాలు: బైండింగు తీగ, ఎం-సీల్, పాత ట్యూబు ముక్క. బొలెరోకైనా ట్రాక్టరుకైనా వైద్యం ఒకటే.

అక్కడికి స్పోర్ట్స్ కారే వస్తే? స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్లు ఉండాలన్నది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మాట. ఇలాంటి చాలా కార్ల పొట్టకూ నేలకూ ఎడం ఇంచుమించు 12. బ్రేకరు వేసే మేస్త్రీ ఆ పుస్తకం చదవడు. ముందు రాలేది బంపరే. మెకానిక్ దానికి తీగ చుట్టి, టీ డబ్బులు పుచ్చుకుని సాగనంపుతాడు. వారంటీ పోయిందని చెప్పే షోరూము ఆ దరిదాపుల్లో లేదు.