ల్యాబు మేస్టారు

అరకు, పాడేరు మన్యంలో ఫిజిక్స్ చెప్పడానికి చేరి, బడికి టింకరింగ్ ల్యాబు మంజూరైన రోజు నుంచి త్రీడీ ప్రింటరుకు కాపలాదారుగా మారిన ఉపాధ్యాయుణ్ణి ల్యాబు మేస్టారు అంటారు. బడికి ఒక్కరే ఉంటారు. చొక్కా జేబులో పెన్ను పక్కన టెస్టరు, ప్యాంటు జేబులో తాళంచెవి ఆయన ఆనవాళ్లు. హాస్టల్లో మోటారు నీళ్లెత్తకపోయినా, వంటగదిలో గ్రైండరు తిరగకపోయినా, హెచ్చెమ్ గారి ఫోను చార్జింగు ఎక్కకపోయినా కబురు వెళ్లేది ఆయనకే. ‘టెక్నాలజీ ఆయనే కదా చూస్తారు’ అన్నది బడి మొత్తం ఏకగ్రీవంగా చేసిన తీర్మానం.

ఆయనది పాత వంశమే. 1937లో వార్ధాలో గాంధీజీ నయీ తాలీమ్‌ను ముందుకు తెచ్చి, చదువు చేతిపని చుట్టూ అల్లుకోవాలన్నప్పుడు పుట్టినవాడు పిల్లల చేత నూలు వడికించే తకిలీ మేస్టారు. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ ఆ పనికి సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక కృషి అని పేరు పెట్టాక, పిల్లల చేత సుద్దముక్కలు, ఫినాయిలు చేయించే మేస్టారు వచ్చాడు. ఆ పీరియడులో సుద్దముక్కలు తయారైన దానికంటే, సిలబస్ మిగిలిపోయిన లెక్కల మేస్టారి చేతిలో అరిగినవే ఎక్కువ. 2016లో నీతి ఆయోగ్ కింద అటల్ ఇన్నోవేషన్ మిషన్ మొదలై, 6 నుంచి 12వ తరగతి పిల్లలకు టింకరింగ్ ల్యాబులు ఇవ్వడంతో మూడో తరం తయారైంది. దేశంలో ఇలాంటి ల్యాబులు 10,000 దాటాయి. మరో 50,000 పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు కాబట్టి ఈ జాతి అంతరించిపోయే ప్రమాదం ఇప్పట్లో లేదు.

ల్యాబుకు 5 ఏళ్లలో 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు వస్తుంది. గది మాత్రం బడే చూపించాలి. మామూలుగా 1,500 చదరపు అడుగులు ఉండాలి, కొండ రాష్ట్రాలకూ దీవులకూ 1,000 చాలు. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్నా, ఆంధ్రప్రదేశ్ కొండ రాష్ట్రం కాదు. అందుకని మేస్టారు మొదట నేర్చుకునే డిజైను పాఠం, రెండు గదుల మధ్య గోడ తీయించి, వాటిలో ఉన్న విరిగిన బెంచీలను ఎక్కడికి పంపాలన్నది.

సామాను అట్టపెట్టెల్లో దిగుతుంది. త్రీడీ ప్రింటరు, సోల్డరింగ్ గన్నులు, మోటార్లు, సెన్సర్లు, వాటితోపాటు ఆర్డుయినో బోర్డులు. ఈ బోర్డు 2005లో ఇటలీలో డిజైను విద్యార్థుల కోసం పుట్టింది. కాల్చినా, పాడుచేసినా పెద్దగా బాధ కలగనంత చవగ్గా ఉండాలన్నది దాన్ని చేసినవాళ్ల ఉద్దేశం. ఆ ఉద్దేశానికి స్టాకు రిజిస్టరులో కాలమ్ లేదు. అక్కడున్న కాలమ్‌లు మూడే: వచ్చినవి, ఉన్నవి, పాడైనవి. మూడోదాని ఎదురుగా ‘కారణం’ అని ఉంటుంది. పిల్లవాడు నేర్చుకున్నాడు అన్నది ఆడిట్‌లో కారణంగా చెల్లదు. కాబట్టి మేస్టారు పగలంతా ‘ముట్టుకుని చూడండర్రా, భయపడకండి’ అంటారు. సాయంత్రం మాత్రం ఎల్‌ఈడీలు లెక్కపెట్టి తాళం వేస్తారు.

బోధన ఒక క్రమంలో సాగుతుంది. మొదటి పాఠం బ్లింక్. బోర్డు మీది 13వ పిన్ను లైటు ఒక సెకను వెలుగుతుంది, ఒక సెకను ఆరుతుంది. మేస్టారి ముఖం దానితోపాటే వెలుగుతుంది, కానీ ఆరదు. ఇంట్లో కువి, తోవలో ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు మాట్లాడే పిల్లలు, ఇంగ్లిషు మాన్యువల్‌లో ఉన్న ఈ వింతను మర్యాదగా చూస్తారు. రెండో పాఠం చీకటి పడగానే తనంతట తాను వెలిగే వీధిదీపం. ఇందులో వెలుతురును కనిపెట్టే చిన్న సెన్సరు ఉంటుంది. మైదానంలో ఇది సాయంత్రం ఆరింటికి వెలిగి పేరు తెస్తుంది. డిసెంబరు అరకులో మాత్రం పొద్దున తొమ్మిదింటికి, పొగమంచులో వెలిగి కూర్చుంటుంది.

‘సార్, పగలే ఎలిగిపోయింది.’

‘సెన్సరు తప్పు కాదురా, మంచు తప్పు.’

‘మంచులోనే కద సార్ లైటు కావాలి? బండోడికి తోవ కనపడదు.’

మేస్టారు ఈ సంగతిని ఒక నిమిషం ఆలోచించి, ప్రాజెక్టు పేరును ‘పొగమంచు దీపం’ అని మారుస్తారు. ఆయనలోని మంచి గుణం ఇదే. పరువు పోయేలోపు పేరు మార్చగలరు.

వానాకాలం అసలు పరీక్ష. ప్రింటరులో వాడే ప్లాస్టిక్ దారం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అలా నెమ్మెక్కిన దారం పెళుసుబారి పుటుక్కున విరుగుతుంది, కరిగేటప్పుడు చిటపటలాడుతుంది. మేస్టారు కంపెనీకి మెయిలు పెట్టి, సిగ్నలు కోసం డాబా ఎక్కుతారు. ఈలోగా ఎనిమిదో తరగతి అమ్మాయిలు దారం చుట్టను తీసుకుపోయి హాస్టల్ వంటగదిలో పొయ్యికి దూరంగా, సెగ తగిలేంత ఎత్తులో వేలాడదీస్తారు. ఇళ్లలో మొక్కజొన్న కంకులు అలాగే ఆరుతాయి. మరీ దగ్గరైతే మెత్తబడిపోతుందని ఒక ముక్క పాడుచేసుకుని తెలుసుకున్నారు. మర్నాడు ప్రింటరు నడుస్తుంది. మేస్టారు రిజిస్టరులో ‘ఫిలమెంటు డ్రయ్యరు: 1, స్థానిక తయారీ’ అని రాసుకుంటారు. కంపెనీ జవాబు దసరా తర్వాత వస్తుంది. అందులో డ్రయ్యరు కొనమని ఉంటుంది.

చలికాలం సైన్స్ ఫెయిర్ల కాలం. ఇన్‌స్పైర్ మనక్ పథకం కింద ఎంపికైన ఆలోచనకు పిల్లవాడి ఖాతాలో 10,000 రూపాయలు పడతాయి కాబట్టి ఊళ్లో కూడా చర్చ జరుగుతుంది. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు, కొండ ఊట నీటిని చీల్చిన వెదురు బద్దల మీదుగా మడికి తెచ్చే పద్ధతికి ఒక కుండ జోడిస్తాడు. ఓ మడి నిండితే పొర్లిన నీళ్లు కుండలో పడతాయి, కుండ బరువుకు వెదురు వాలి పక్క మడికి తిరుగుతుంది. జడ్జీలు చూసి, ‘బాగుంది, ఇందులో టెక్నాలజీ ఏదీ?’ అంటారు. మరుసటేడు మేస్టారు దానికి ఒక అల్ట్రాసోనిక్ సెన్సరు, ఒక బ్యాటరీ, ఒక ఎర్ర ఎల్‌ఈడీ తగిలించి, ‘ఆటోమేటిక్ స్మార్ట్ ఇరిగేషన్ సిస్టమ్’ అని అట్ట మీద రాయిస్తారు. ఈసారి బహుమతి వస్తుంది. ఆ లైటు వెలిగినా వెలగకపోయినా నీళ్లు పక్క మడికి పోతూనే ఉంటాయన్న సంగతి కుర్రాడికీ మేస్టారికీ మాత్రమే తెలుసు. జడ్జీలు వెళ్లిపోయాక బ్యాటరీ తీసి ఎవరికీ చెప్పకుండా పెట్టెలో పెట్టేది కూడా వాళ్లిద్దరే.

ల్యాబు మేస్టారి ఆయుష్షు బదిలీ కౌన్సెలింగు దాకా. చార్జి అప్పగించే రోజున ఆయన కొత్త మేస్టారితో కలిసి వరసగా లెక్క చూపిస్తారు. ప్రింటరు ఒకటి, పనిచేస్తున్నది. ఆర్డుయినోలు పది, అందులో ఏడు పనిచేస్తున్నవి, మూడు ‘కారణం: విద్యుత్ హెచ్చుతగ్గులు’. డ్రయ్యరు ఒకటి, వంటగదిలో ఉన్నది. ఇద్దరూ సంతకాలు చేశాక తాళం వేసి, చెవి చేతిలో పెడతారు. కొత్తాయన సరదాకి ఒకసారి తీసి చూడబోతే తాళం కదలదు. నాలుగు వానాకాలాల తుప్పు అది. పాతాయన కంగారు పడకుండా వరండా వైపు తిరిగి ఒక పేరు పిలుస్తారు. కుర్రాడు వచ్చి, తాళాన్ని కొంచెం పైకెత్తి, చెవిని సగమే దూర్చి, ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి తిప్పుతాడు.

ఈ కిటుకు రిజిస్టరులో లేదు. కొత్త మేస్టారు కుర్రాడి పేరు అడిగి, రిజిస్టరు చివరి అట్ట మీద రాసుకుంటారు.