“రాత్రంతా కన్ను మూతపడలేదు”: టీకా తాత్పర్య సహితం

మూలం మూడంటే మూడు మాటలు: “రాత్రంతా కన్ను మూతపడలేదు.” వక్త అరవై దాటిన గృహస్థు, లేదా గృహిణి. కాలం మొదటి కాఫీకీ రెండో కాఫీకీ నడుమ. శ్రోత కోడలు కావచ్చు, పార్కులో తోడు నడిచే పెద్దమనిషి కావచ్చు, ఎవరూ దొరక్కపోతే పాలబ్బాయి. పాఠాంతరాలున్నాయి. కొన్ని కోస్తా ప్రతుల్లో “తెల్లార్లూ జాగారమే” అనీ, తెలంగాణ ప్రతుల్లో “రాత్రంత నిద్రే పట్టలే” అనీ కనిపిస్తుంది. భావంలో భేదం లేదు. ఇంత ప్రచారమున్న వాక్యానికి ఇంతకాలం వ్యాఖ్యానం లేకపోవడం లోపమే. మెదక్ దగ్గరి కొల్చారం వాడని చెప్పుకునే కోలాచలం మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ నియమం పెట్టుకుని కాళిదాసుకు టీకలు రాశాడు. ఈ టీక ఆ నియమంలో మొదటి సగం మాత్రమే పాటిస్తుంది. రెండో సగం కూడా పాటిస్తే వ్యాఖ్యాతలకు పనుండదు.

ఇక ప్రతిపదార్థం. ‘రాత్రంతా’ అనగా రాత్రి తొమ్మిదింటికి సీరియల్ అయిపోయి దీపం ఆర్పింది మొదలు పొద్దున ఆరింటికి గుమ్మం ముందు పాలపాకెట్ పడేదాకా, వెరసి తొమ్మిది గంటలు. ఈ అంకె మూలంలో పైకి కనబడదు గాని, వ్యాఖ్య అంతా దీనిమీదే నిలబడుతుంది గనుక గుర్తుంచుకోవాలి. ‘కన్ను’ జాతి ఏకవచనం, రెండు కళ్లకూ చెల్లుతుంది. ‘మూతపడలేదు’ అన్నచోట పూర్వపక్షం ఇంట్లోనే లేస్తుంది. “మరి ఆ గురక ఎవరిదండీ?” అని పక్కమంచం మీది ఇల్లాలు అడుగుతుంది. చిత్రమేమిటంటే ఇద్దరూ నిజమే చెబుతున్నారు. నిద్రలో మొదటి మెట్టు చాలా తేలిక. మెదడు తరంగాల్లో అది నిద్రగానే నమోదవుతుంది, తట్టిలేపితే మాత్రం “నేను మెలకువగానే ఉన్నాను” అనేవాళ్లు ఎంతోమంది. నిద్రలేమితో బాధపడేవాళ్లు తాము నిద్రపోయిన సమయాన్ని ఉన్నదానికంటే తక్కువగా లెక్కేసుకుంటారని ప్రయోగశాలల్లో పదేపదే తేలింది. నిద్రపోయిన గంట జ్ఞాపకంలో మిగలదు, మేలుకున్న పది నిమిషాలు మిగులుతాయి. అలాంటి పది నిమిషాలు ఐదారు కలిస్తే తెల్లవారేసరికి రాత్రంతా అయి కూర్చుంటాయి. కాబట్టి మూలవాక్యం అసత్యం కాదు. అతిశయోక్తి అనీ అనలేం, వక్తకు అతిశయించే ఉద్దేశం లేదు గనుక.

అయితే నిద్ర చెడడం వయసు చేసిన పనేనా? లోకం అవునంటుంది. 2004లో మారిస్ ఓహయాన్ బృందం 65 అధ్యయనాల్లోని 3,577 మంది ఆరోగ్యవంతుల నిద్ర కొలతలను ఒకచోట చేర్చి చూసింది. పెద్దల్లో మొత్తం నిద్ర పదేళ్లకు సుమారు పది నిమిషాల చొప్పున తగ్గుతూ వచ్చింది; ముప్ఫై నుంచి అరవై మధ్య నడిరాత్రి మెలకువ పదేళ్లకు ఇంచుమించు అంతే పెరిగింది; గాఢనిద్ర పలచబడింది. ఇంతవరకు లోకం మాటే నెగ్గింది. కానీ ఆ లెక్కల్లోనే ఇంకొక సంగతి ఉంది, దాన్ని ఎవరూ చెప్పుకోరు. అరవై దాటాక ఆరోగ్యవంతుల్లో ఈ కొలతలు చాలావరకు నిలకడగానే ఉన్నాయి. పడుకున్న సమయంలో నిద్రపోయిన సమయం ఎంత అన్న పాలు ఒక్కటే ఆ తర్వాత కూడా తగ్గుతూ పోయింది. అంటే శరీరం చేయదలచిన చెడుపులో పెద్దభాగం ఉద్యోగంలో ఉండగానే, ఎవరికీ ఫిర్యాదు చేసే తీరిక లేనప్పుడే చేసేసింది. అరవై తర్వాత కొత్తగా పెరిగేది మెలకువ కంటే మంచం మీద గడిపే కాలం. ఈ వ్యాఖ్య ప్రతిపాదించే సిద్ధాంతం ఇదే: వక్తకు నిద్ర తక్కువై కాదు, పడక ఎక్కువై బాధ.

కారణం తేలికగానే తెలుస్తుంది. నిద్రను రెండు శక్తులు నడుపుతాయని 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ ప్రతిపాదించాడు. మెలకువగా ఉన్నకొద్దీ లోపల పేరుకునే నిద్ర ఒత్తిడి ఒకటి. పగలూ రాత్రీ తేడా తెలిపే మెదడులోని గడియారం రెండోది. నిద్ర ఒత్తిడి వెనక అడినోసిన్ అనే పదార్థం ఉంది, దానికి అడ్డుపడే పని కాఫీది. ఎక్కువసేపు మేల్కొని ఉంటేనే ఒత్తిడి బాగా పేరుకుంటుంది. ఉద్యోగమున్న రోజుల్లో పొద్దున బస్సు, మధ్యాహ్నం ఆఫీసు, రాత్రి పిల్లల చదువులు కలిసి పదిహేడు గంటల మెలకువను ఊరికే సమకూర్చేవి. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వోద్యోగికి 61 ఏళ్లకు, ఆంధ్రప్రదేశ్ ఉద్యోగికి 62 ఏళ్లకు ఆ సదుపాయం ఆగిపోతుంది. మధ్యాహ్నం భోజనం కాగానే ఒక గంట, సాయంత్రం కుర్చీలో పేపరు మొహంమీద వేసుకుని ఒక పావుగంట, రాత్రి తొమ్మిదికే పడక. రాత్రి నిద్ర ఆరుంపావు గంటలు వస్తుందనుకుందాం. పగటిది కలిపితే ఏడున్నర. 65 దాటినవాళ్లకు అమెరికా జాతీయ నిద్రా సంస్థ 2015లో చెప్పిన ఏడెనిమిది గంటల కొలతలో ఇది నిక్షేపంగా ఇమిడింది. ఎటొచ్చీ ఆ ఆరుంపావును తొమ్మిది గంటల మంచానికి సాగదీశారు. ఉన్న పిండి తక్కువై పెనం పెద్దదైతే దోసెకు చిల్లులు పడతాయి. ఆ చిల్లులే మూలంలోని ‘మూతపడలేదు’.

రెండో శక్తి గడియారం, వయసుతో అది కొంత ముందుకు జరుగుతుంది. కంటి కటకం పసుపుబారి గడియారాన్ని సరిదిద్దే నీలికాంతిని కొంత అడ్డగిస్తుంది. తొమ్మిదికి పడుకున్నవాడికి మూడింటికి మెలకువ రావడం గడియారం ప్రకారం సక్రమమే. ఆరుగంటల నిద్ర అయిపోయింది, ఒత్తిడి ఖర్చయింది, లోపలి తెల్లవారుజాము దగ్గరపడింది. ఇంకో మూడు గంటలు నిద్ర రావాలనుకోవడం శరీరంతో పేచీ. ఇక్కడొక చిన్న విశేషం. నాలుగున్నరకే లేచి నడకకు బయల్దేరే పెద్దలు తొలివెలుగును కళ్లనిండా నింపుకుని ఆ గడియారాన్ని ఇంకాస్త ముందుకే తోస్తున్నారు. వేకువనే మేలుకుని బాధపడేవాళ్లకు సాయంత్రపు ఎండలో నడక మేలు. పార్కు నడక సంఘాల్లో ఈ మాట అంటే సభ్యత్వం పోవచ్చు.

వైద్యులు దీనికి చెప్పే ఉపాయం చెవికి క్రూరంగా వినిపిస్తుంది: నిద్ర పట్టకపోతే పడక తగ్గించండి. 1972లో రిచర్డ్ బూట్జిన్ చెప్పినది ఇది: నిద్ర వస్తేనే మంచమెక్కాలి, కాసేపు పొర్లాడినా రాకపోతే లేచి వేరే గదిలో కూర్చోవాలి, వచ్చినప్పుడే తిరిగి పడుకోవాలి, ఎంత చెడ్డ రాత్రైనా లేచే వేళ మారకూడదు. 1987లో ఆర్థర్ స్పీల్మన్ బృందం దీనికి అంకెలు తొడిగింది. రెండు వారాలు నిద్ర లెక్క రాసి, సగటు ఎంతైతే మంచం మీద అంతసేపే ఉండమంటారు, ఇప్పటి వాడుకలో ఎంత తక్కువైనా ఐదు గంటలకు తగ్గకుండా. పడుకున్న సమయంలో ఎనభై ఐదు తొంభై శాతం నిద్ర పడుతుంటే పావుగంట కలుపుతారు. మన వక్త విషయంలో ఇది ఇంచుమించు పదిన్నరకు పడక, ఐదుకు లేవడం. ఇవీ, నిద్రను గురించిన భయాలను సరిచేసే మాటలూ కలిపిన చికిత్సనే దీర్ఘకాల నిద్రలేమికి మందులకన్నా ముందు వాడమని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంస్థ సిఫారసు చేసింది.

పూర్వపక్షాలు కొన్ని ఉన్నాయి. ఒకటి: ఉద్యోగం పోవడమే కారణమైతే విరమణ తర్వాత నిద్ర అందరికీ చెడాలి, కానీ ఫ్రాన్సులో గ్యాసు, విద్యుత్ సంస్థల ఉద్యోగుల మీద 2009లో వెలువడిన పెద్ద అధ్యయనంలో విరమణ తర్వాత నిద్ర ఫిర్యాదులు తగ్గాయి కదా? నిజమే, తగ్గాయి. వాళ్లు సగటున 55 ఏళ్లకే జీతంలో 80 శాతం పింఛనుతో బయటపడ్డారు. పై అధికారి పోయాడు, దిగులు పోయింది, నిద్ర బాగుపడింది. అది మన సిద్ధాంతానికి చుట్టమే గాని శత్రువు కాదు. వయసు పెరుగుతున్నా నిద్ర బాగుపడగలదంటే తప్పంతా వయసుది కాదన్నమాట. కానీ తీరిక ఇచ్చిన ఆ హాయిని, అదే తీరిక మెల్లగా పెంచే పడక గంటలు తినేయగలవు. రెండు: చరక సంహిత సూత్రస్థానం పగటినిద్ర సాధారణంగా కూడదంటూనే వృద్ధులకు అనుమతించింది, మీరెవరు కాదనడానికి? అనుమతి విధి కాదని సమాధానం. మధ్యాహ్నం మూడింటి లోపు అరగంట కునుకుకు ఈ వ్యాఖ్య కూడా అడ్డుచెప్పదు. అదే గ్రంథం నిద్ర రాకపోవడానికి కారణాల్లో కాలాన్ని, వ్యాధిని వేర్వేరుగా లెక్కించింది. కాలమంటే ముసలితనమని వ్యాఖ్యానిస్తారు. ఆ రెండింటినీ కలిపి “వయసు కదా” అని సరిపెట్టడం మనం కొత్తగా నేర్చిన పొరపాటు.

ఈ విభజన ముఖ్యం, ఎందుకంటే మంచం గంటలు తగ్గించినా లొంగని రాత్రులు కొన్ని ఉన్నాయి. ఇల్లాలు సాక్ష్యమిచ్చిన గురక మధ్యమధ్య ఆగి, ఉక్కిరిబిక్కిరై మళ్లీ మొదలైతే అది శ్వాస ఆగే జబ్బు, పగటి తూగు దాని గుర్తు. పడుకోగానే కాళ్లు జివ్వుమని కదపకుండా ఉండలేకపోతే రక్తంలో ఇనుము చూపించుకోవాలి. రాత్రికి మూడుసార్లు మూత్రానికి లేవడం ప్రోస్టేటుతోనే ముడిపడలేదు. పగలంతా కాళ్లలో దిగిన నీరు పడుకోగానే రక్తంలోకి తిరిగి వస్తుంది, రాత్రి మూత్రాన్ని తగ్గించే హార్మోను వయసుతో మందగిస్తుంది, నీరు తీసే బీపీ మాత్ర సాయంత్రం వేసుకుంటే ఆ పని తెల్లవార్లూ చేస్తుంది. ఆ మాత్రను ఏ వేళకు మార్చాలో డాక్టరును ఒక్కమాట అడిగితే సరి. కలలో చేతులు కాళ్లు విసిరి పక్కవాళ్లను కొట్టేవాళ్లు నరాల వైద్యుణ్ని కలవాలి, అది పార్కిన్సన్స్‌కు ముందు నడిచే గుర్తు కావచ్చు. మూర్ఛ ఉన్నవాళ్లు, తూలిపడే భయం ఉన్నవాళ్లు పడక కోతను సొంతంగా మొదలుపెట్టకూడదు.

ఇన్ని చెప్పేకన్నా ఒక చిన్న మాత్ర చాలదా అనేది చివరి పూర్వపక్షం, అన్నిటికంటే బలమైనది, మెడికల్ షాపులో దొరికేది. దొరకకూడదనే మాట వేరు: నిద్రకు వాడే అల్ప్రజోలాం 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉంది, చీటీ లేకుండా అమ్మరాదు, అమ్మినది రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. మాత్రతో నిద్ర వస్తుంది, సందేహం లేదు. ఆ మత్తులో రెండింటికి బాత్రూముకు లేచిన మనిషి తూలి తుంటి విరగ్గొట్టుకుంటాడు. మతిమరుపు, అలవాటు అదనం. వృద్ధులకు తగని మందుల జాబితాను మార్క్ బీర్స్ 1991లో మొదలుపెట్టాడు. 2023 కూర్పు కూడా 65 దాటినవాళ్లకు ఈ జాతి మాత్రలు వద్దనే అంటుంది. ఏళ్లుగా వాడుతున్నవాళ్లు ఈ వాక్యం చదివి రేపటినుంచి మానేయకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

ఈ మెలకువకు ఒకప్పుడు ప్రయోజనం ఉండేదేమో అన్న ఊహ ఒకటుంది. టాంజానియాలోని హద్జా జనం 33 మందిని ఇరవై రోజులు కొలిచి 2017లో ప్రచురించిన పరిశోధనలో, రెండు వందల గంటలు దాటిన రాత్రికాలంలో అందరూ ఒకేసారి నిద్రపోయింది 18 నిమిషాలే. పెద్దవాళ్లు త్వరగా పడుకుని త్వరగా లేస్తారు గనుక గుంపుకు కాపలా దానంతటదే జరిగిపోతుందని పరిశోధకుల వాదం. అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్ ఉండగా ఆ గౌరవం మన వక్తకు దక్కదు గాని, మూడింటికి మెలకువైతే అది రోగమని బెదరక్కర్లేదని దానివల్ల తెలుస్తుంది. ఆ వేళకు తిరుమలలో సుప్రభాత సేవ ఉంటుంది. మంచం దిగి హాల్లోకి వచ్చి మందదీపం కింద ఏదైనా చదువుకోవచ్చు, తూగు వస్తే తిరిగి వెళ్లవచ్చు. ఫోను చూడకూడదు, గడియారం అసలే చూడకూడదు. కాఫీ మాత్రం పెట్టుకున్న లేచే వేళ అయ్యాకనే. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది గనుక ఐదింటి కాఫీ రాత్రి పదిన్నరకు అడ్డురాదు, సాయంత్రం ఐదింటిది వస్తుంది. ఐదింటికి మిక్సీలో చట్నీ వేయవచ్చా అన్నది నిద్రాశాస్త్ర పరిధిలోకి రాదు. దానికి కోడలిని అడగాలి.