అట్ట చాలు, పుస్తకమెందుకు?

"ఈ మధ్య ఏం చదివారండీ? మంచివి నాలుగు చెప్పండి." పెళ్లి భోజనాల దగ్గర, రైల్లో, ఆఫీసు క్యాంటీన్‌లో, పొద్దున వాకింగ్‌లో ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తూనే ఉంటారు. చాలామంది ఇక్కడే తడబడిపోతారు. నిజంగా చదివినవాళ్లయితే మరీనూ. ఏది చెప్పాలో తేలక, "మీకెలాంటివి ఇష్టం?" అని ఎదురు ప్రశ్న వేసి, కాసేపు ఆలోచించి, చివరికి ఒక్క పేరు చెప్పి ఊరుకుంటారు. ఏడాదికి ముప్పై పుస్తకాలు చదివి ఒక్క పేరు! ఎంత శ్రమ, ఎంత నష్టం!

నేను ఇరవయ్యేళ్లుగా జనానికి పుస్తకాలు చెబుతున్నాను. మిస్టరీ, రొమాన్స్, థ్రిల్లర్, నాన్‌ఫిక్షన్, ఏ వరసలో అడిగినా అర నిమిషంలో నాలుగు పేర్లు రాలతాయి. దీనికి చదువుతో పనిలేదు, పద్ధతి ఉంటే చాలు. ఆ పద్ధతి దాచుకోకుండా మీ చేతిలో పెడుతున్నాను.

1. 'ఈ మధ్య' అనే మాటను గట్టిగా పట్టుకోండి. దానికి తేదీ లేదు. డిగ్రీలో ఉండగా అద్దె లైబ్రరీలో రోజుకి అర్ధరూపాయికి తెచ్చుకున్నదీ ఈ మధ్య చదివిందే. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు, యద్దనపూడి సులోచనారాణి నవలలు కొత్త అట్టలతో మళ్లీ మళ్లీ వస్తుంటాయి. లోపలి పేజీలో మొదటి ముద్రణ ఎప్పుడో చూడకండి, చివరి ముద్రణ చూడండి. 'సెక్రటరీ' అరవైల నాటి నవల, 1976లోనే సినిమా అయింది. అయితే ఏం? కొత్త అట్ట మీద వేలు పెట్టి, "ఈ రచయిత్రి మీద ఓ కన్నేసి ఉంచండి, పైకొస్తారు" అనండి. ఎదుటివాళ్లు నోరు తెరుచుకుని చూస్తారు. ఆ చూపునే గౌరవం అంటారు.

2. పుస్తకాన్ని చదివినట్టు తయారుచేయండి. కొత్త పుస్తకం కొత్తగా ఉండటమే ప్రమాదం. ఎవరైనా చేతిలోకి తీసుకుంటే పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, గుట్టు బయటపడుతుంది. కొన్న రాత్రే పని కానిచ్చేయండి. వెన్ను విరిగేలా మూడు చోట్ల తెరవండి. రెండు పేజీల మూలలు మడవండి. పాత బస్సు టికెట్టొకటి ముప్పాతిక భాగం దగ్గర దూర్చండి. సగం దగ్గర పెడితే మధ్యలో ఆపేశారనుకుంటారు. పెన్సిల్‌తో అక్కడక్కడా నిలువు గీత గీసి, పక్కన 'నిజమే' అని రాయండి. ఏ వాక్యం పక్కనన్నది ముఖ్యం కాదు.

ఇక అసలు మెళకువ. అన్నంలో ఆవకాయ కలుపుకున్నాక చిటికెన వేలు ఓ పేజీ అంచుకి తాకించండి. తెల్లారేసరికి ఆ నూనె మరక వెనక పేజీకి కూడా దిగుతుంది. అలాంటి మరకున్న పుస్తకాన్ని పట్టుకుని "మీరిది చదివారా?" అని అడిగే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ రాలేదు. నా అలమరలో ఇలాంటివి అరవై ఉన్నాయి. ఆ వాసనకి ఎలుకలొచ్చి కొన్నిటిని కొరికాయి కూడా. ఎలుక కొరికిన పుస్తకం ఇంకా బాగా చదివినట్టుంటుంది.

3. మిస్టరీ చెప్పమంటే పేరుతో ఆగకండి, హంతకుడెవరో కూడా చెప్పేయండి. చదివామనడానికి ఇంతకంటే గట్టి రుజువు లేదు. అగాథా క్రిస్టీ రాసిన 'ద మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' 1926లో వచ్చింది. కథ చెబుతున్న డాక్టరే హంతకుడు. చూశారా, ఒక్క వాక్యంతో సరిపోయింది. ఆవిడదే 'ద మౌస్‌ట్రాప్' అనే నాటకం లండన్‌లో 1952లో మొదలైంది. ఆట అయ్యాక, హంతకుడెవరో బయట చెప్పొద్దని ప్రేక్షకుల్ని కోరడం వాళ్ల ఆనవాయితీ. వాళ్లకంటే రేపటి టికెట్లు అమ్ముకోవాలి, మనకేం?

మా పిన్ని రిటైరైన టీచరు. ఓ జనవరిలో విజయవాడ పుస్తకాల పండక్కి తీసుకెళ్లి ఈ ఆక్రాయిడ్‌నే కొనిపించాను. తిరిగొస్తుంటే ఆటోలోనే సంచీలోంచి తీసి, కళ్లజోడు సర్దుకుని మొదటి పేజీ మొదలుపెట్టింది. రాత్రంతా నిద్ర చెడగొట్టుకుంటుందేమోనని నాకు బెంగ. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడగానే చెప్పేశాను. "డాక్టరే, పిన్నీ." పిన్ని పుస్తకం మూసి సంచీలో పెట్టేసింది. ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "ఒరేయ్, నాకింకెప్పుడూ పుస్తకాలు చెప్పకురా" అంది. ఆవిడకి పుస్తకమంతా చదివే శ్రమ తప్పింది. నాకు అడిగేవాళ్లలో ఒకరు తగ్గారు. ఇద్దరికీ లాభమే.

4. జపాన్ రచయిత కీగో హిగషినో 2005లో రాసిన 'ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్' ఇంకా సుఖం. హత్య మొదటి అధ్యాయంలోనే మన కళ్లముందు జరిగిపోతుంది. పక్క ఫ్లాట్‌లో ఉండే లెక్కల మాస్టారు దాన్నెలా కప్పిపుచ్చాడన్నదే మిగతా నవలంతా. ఎవరు చంపారో తెలిసిపోయాక ఆ మిగతాది మనకెందుకు? ఒక్క అధ్యాయంతో మిస్టరీ పూర్తి.

5. ప్రేమ నవలకి అట్టే ప్రమాణం. గులాబి రంగో, పువ్వో, వెన్నెలో కనిపిస్తే చాలు, శుభకార్యానికి పనికొస్తుంది. లోపల ఏముందో చూస్తూ కూర్చుంటే ముహూర్తం దాటిపోతుంది. కొలీన్ హూవర్ 'ఇట్ ఎండ్స్ విత్ అజ్' 2016లో వచ్చింది. అట్ట మీద పూలు, కథానాయిక నడిపేది పూల దుకాణం. పెళ్లికూతురికివ్వడానికి ఇంకేం కావాలి? మా ఆఫీసులో ఒకమ్మాయి పెళ్లికి అదే ఇచ్చాను. గిఫ్టు కాగితం రంగు కూడా చక్కగా కలిసింది. లోపలున్నది భర్త చేతి దెబ్బల నుంచి బయటపడే ఆడదాని కథ అని, ఆ అమ్మాయి అత్తగారు చదివాకే నాకు తెలిసింది. ఆ ఇంటినుంచి మళ్లీ పిలుపు రాలేదు. సీమంతం, బారసాల, రెండు గిఫ్టుల డబ్బులూ మిగిలాయి.

తెలుగులో అడిగితే యండమూరి వీరేంద్రనాథ్ 'వెన్నెల్లో ఆడపిల్ల' చెప్పండి. పేరులోనే వెన్నెలుంది, ఆడపిల్ల ఉంది. చదరంగం ఆటగాడికి ముఖం చూపించని అమ్మాయి ఫోన్లో చిక్కుముడులు విసురుతుందన్నంత వరకు తెలిస్తే చాలు. నిశ్చితార్థమైన మా మేనకోడలికి దాన్ని కొరియర్‌లో పంపాను. రాత్రి రెండింటికి ఫోన్. "మామయ్యా, చివర్లో ఇలా అవుతుందని ముందే చెప్పొద్దూ?" అని వెక్కి వెక్కి ఏడుస్తోంది. చివర్లో ఏమవుతుందో నాకేం తెలుసు! అయినా తొణకలేదు. "ఏడిపించిందంటే మంచి పుస్తకమనే కదమ్మా" అన్నాను. ఇలాంటప్పుడు గొంతు నింపాదిగా ఉండాలి. నిద్రమత్తు దీనికి బాగా సాయపడుతుంది.

6. ఓటీటీ ఉండగా థ్రిల్లర్ చదవడం శుద్ధ దండగ. సినిమా చూడండి, నవల చెప్పండి. సినిమా అయినా ఒకటిన్నర స్పీడులో పెట్టండి. పౌలా హాకిన్స్ నవల 'ద గర్ల్ ఆన్ ద ట్రైన్' 2015లో వచ్చింది. అందులో రైలు లండన్‌కి వెళ్తుంది. 2016 హాలీవుడ్ సినిమాలో అదే రైలు న్యూయార్క్‌కి మారింది. 2021లో హిందీలో తీసినప్పుడు మళ్లీ లండన్‌కి తెచ్చారు గానీ ముగింపు మార్చేశారు. మీరు న్యూయార్క్ రైలుని వర్ణిస్తుండగా నవల చదివినవాళ్లెవరైనా అడ్డొచ్చారనుకోండి. కంగారు పడకండి. "మీది పేపర్‌బ్యాకా?" అని అడగండి. ఏ జవాబొచ్చినా "అదీ సంగతి" అని తలాడించండి. వాళ్లే ఇంటికెళ్లి వెతుక్కుంటారు.

మధుబాబు షాడో నవలలకైతే ఇంత తంటా లేదు. "షాడోది మొన్న ఒకటి చదివా, అదిరింది" అంటే సరి. పేరు అడగడం వాళ్లకే నామోషీ.

7. నాన్‌ఫిక్షన్ దగ్గర కొంచెం మనసు పెట్టండి, పరువంతా ఈ వరసలోనే ఉంది. 2014లో జోర్డన్ ఎలెన్‌బర్గ్ అనే అమెరికా లెక్కల ప్రొఫెసర్ సరదాగా ఒక లెక్క కట్టాడు. కిండిల్‌లో పాఠకులు ఎక్కువమంది గీతలు పెట్టుకున్న అయిదు చోట్లు పుస్తకంలో ఎంత దూరాన ఉన్నాయో చూశాడు. స్టీఫెన్ హాకింగ్ 1988లో రాసిన 'ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్'లో అవి సగటున నూటికి 6.6 పాళ్ల దగ్గర ఉన్నాయి. పెట్టుబడి మీద థామస్ పికెటీ రాసిన లావుపాటి పుస్తకంలో అయితే 2.4 దగ్గరే. లోకమంతా అక్కడిదాకా చదివే మాట్లాడుతోందన్నమాట. మీరు నూటికి మూడు పాళ్లు చదివితే పికెటీ మీద ఉపన్యాసమే ఇవ్వొచ్చు. చేతిలెక్క చెబుతాను: మూడొందల పేజీల పుస్తకానికి తొమ్మిది పేజీలు. ముందుమాటా, కృతజ్ఞతలూ అందులోకే వస్తాయి.

జేమ్స్ క్లియర్ 'అటామిక్ హాబిట్స్' 2018లో వచ్చింది. కొత్త అలవాటేదైనా రెండు నిమిషాలకి మించకుండా మొదలుపెట్టమంటాడాయన. చదివే అలవాటు కావాలంటే ఒక్క పేజీతో మొదలు. నేను ఆ పుస్తకాన్ని ఆ పేజీలోనే ఆపేశాను, రచయిత మాట కాదనడం ఎందుకని. మా మెట్ల పక్క ఫ్లాట్లో ఇంటర్ చదివే కుర్రాడికీ చెప్పాను. వాడు కెమిస్ట్రీని రోజుకి రెండు నిమిషాలు చదువుతున్నాడు. ఒక్కరోజు కూడా తప్పలేదు. సప్లిమెంటరీ దాకా బోలెడు టైముంది.

యువల్ నోవా హరారీ 'సేపియన్స్' నుంచి ఒకే ఒక్క ముక్క పట్టుకోండి. వ్యవసాయం నేర్చాక మనిషి బతుకు సులువు కాలేదని, గోధుమే మనిషిని చాకిరీకి పెట్టుకుందని ఆయన వాదన. ఇది ఎక్కడైనా వాడుకోవచ్చు. సంక్రాంతికి తెనాలి దగ్గర మా పెద్దమామయ్య ఇంటికెళ్లాను. కుప్ప నూర్పించి అప్పుడే వచ్చాడు. తలగుడ్డ విప్పి దులుపుకుంటే అరుగంతా ఊక. మజ్జిగ గ్లాసు అందుకుంటూ, "ఏరా అల్లుడూ, ఏవన్నా కొత్త పుస్తకం చదివావా, చెప్పు" అన్నాడు.

"వ్యవసాయం మనిషి చేసిన పెద్ద పొరపాటు, మామయ్యా. వరిని నువ్వు పెంచట్లేదు, వరే నిన్ను పనికి పెట్టుకుంది" అన్నాను.

మామయ్య గ్లాసు కింద పెట్టి చాలాసేపు నావంక చూశాడు. "ఆ పుస్తకం రాసినాయన ఏం తింటాడో?" అన్నాడు.

"అది తర్వాతి అధ్యాయంలో ఉంటుంది" అన్నాను.

ఏటా ఆ ఇంటినుంచి వచ్చే రెండు బస్తాల బియ్యం ఆ ఏడు రాలేదు. లిఫ్టులేని బిల్డింగులో మూడో అంతస్తుకి బస్తాలు మోయించే బాధ ఒక్క వాక్యంతో తీరింది. నాన్‌ఫిక్షన్‌కున్న బలం అది.

8. ఎవరి అభిరుచి ఏమిటని అడగకండి. అడిగితే గుర్తుపెట్టుకోవాల్సొస్తుంది. ఎనభయ్యేళ్ల తాతగారికీ, ఎనిమిదో తరగతి పాపకీ ఒకే లిస్టు ఫార్వర్డ్ చేయండి. గిలియన్ ఫ్లిన్ 'గాన్ గర్ల్'లో మొగుడూ పెళ్లాలు ఒకరినొకరు ఎలా నాశనం చేసుకుంటారన్నది ఉన్నా, పేరులో 'గర్ల్' ఉంది కాబట్టి పాపకి సరిపోతుంది. వాళ్లమ్మ ఫోన్ చేస్తే ఎత్తకండి, చదువుకుంటున్నానని తర్వాత మెసేజ్ పెట్టండి.

9. సాకులు కంఠతా పట్టండి. పుస్తకం ఓసారి ఇవ్వమంటే, "మా మరదలు పట్టుకుపోయిందండీ." మరదలు లేనివాళ్లు తోడల్లుణ్ణి వాడుకోవచ్చు. మధ్యలో ఏం జరుగుతుందంటే, "అది చెబితే మీకు మజా పోతుంది." హంతకుణ్ణి చెప్పేసినా ఫర్వాలేదు, మధ్య మాత్రం చెప్పకండి. అసలేం బాగాలేదంటే, "మొదటి యాభై పేజీలు ఓపిక పట్టండి." యాభై దాటామంటే నూరనండి. మొత్తం చదివేశామంటే, "అది రెండోసారి చదివితే గానీ తెలీదు" అనండి. తప్పెప్పుడూ చదివినవాళ్లదే కావాలి.

ఇదంతా వదలకుండా పాటిస్తే ఫలితం ఏడాదిలో కనిపిస్తుంది. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకప్పుడు రోజుకి ముగ్గురు నలుగురు నన్నే అడిగేవారు. ఇప్పుడు ఒక్కరూ అడగరు. మొన్నొకాయన కొత్త మిస్టరీ ఏదైనా చెప్పమని గ్రూపులో పెడితే, నేను టైపు చేసేలోపే ఆరుగురు "వద్దు సార్, మేం చెబుతాం" అన్నారు. ఇరవయ్యేళ్ల భారం ఆరుగురు పంచుకున్నారు. నాకు సాయంత్రాలన్నీ ఖాళీ.

మీరూ ఆలస్యం చేయకండి. హైదరాబాద్‌లో ఉంటే ఈ ఆదివారమే ఆబిడ్స్ వెళ్లండి. షాపులు మూసి ఉంటాయి, పేవ్‌మెంట్ పొడుగునా పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. మిస్టరీ ఒకటి, రొమాన్స్ ఒకటి, థ్రిల్లర్ ఒకటి, నాన్‌ఫిక్షన్ ఒకటి ఏరి, వెనక అట్టలు ఫోన్లో ఫోటో తీసుకోండి. కొనకండి, బరువు. ఎండెక్కకముందే ఇంటికొచ్చి పడుకుని, సాయంత్రం లేచాక నలుగురికి నాలుగు పేర్లు పంపండి. ఎవరైనా పుస్తకం ఇవ్వమంటే, మరదలు పట్టుకుపోయింది.