గౌరవానికి జియో ట్యాగ్

విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు మర్యాద సీజన్ నడుస్తోంది. ‘వైవిధ్యం, సమ్మిళితత్వం, గౌరవప్రదమైన పని వాతావరణంపై ఒకరోజు అవగాహన సదస్సు’ అని గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారంటే విద్యాసంస్థలకు గ్రేడులిచ్చే నాక్ బృందం రాబోతోందని లెక్క. నాక్ మార్కులు మొత్తం 1000. అందులో ఏడో ప్రమాణానికి 100. ఆడా మగా సమానత్వం, దివ్యాంగులకు ర్యాంపులు, కుల మత భాషా సామరస్యం, చెట్ల పెంపకం, ఎల్‌ఈడీ బల్బులు అన్నీ ఆ వందలోనే సర్దుకోవాలి. సామరస్యం ఉందని నోటిమాటగా చెబితే ఒప్పుకోరు, ఫోటో కావాలి. ఫోటో మీద అక్షాంశం, రేఖాంశం, టైము పడాలి. ఫలానా డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉదయం పదకొండుంపావుకి పరస్పర గౌరవం జరిగిందని ఉపగ్రహం సాక్ష్యం చెప్పాలన్నమాట.

నేను చెబుతున్నది ఏ ఒక్క క్యాంపస్ సంగతీ కాదు. బోర్డు తీసేస్తే ఏది ఏదో గుర్తుపట్టలేరు, నా ఇబ్బందల్లా అదే.

సమానత్వం మీద సభ కాబట్టి ముందుగా కుర్చీల సంగతి తేలాలి. వీసీ గారిది ఎత్తు వీపు కుర్చీ, దాని మీద కొత్త టర్కీ టవలు. రెక్టార్, రిజిస్ట్రార్‌లకు టవలున్న మామూలు కుర్చీలు. ప్రిన్సిపాళ్లకు టవలు లేని కుషన్ కుర్చీలు. డయాస్ కింద మొదటి వరుసలో డీన్లకూ హెడ్డులకూ సోఫాలు, ఆ వెనక అసిస్టెంట్ ప్రొఫెసర్లకు ప్లాస్టిక్ కుర్చీలు, ఆ వెనక గెస్ట్ ఫ్యాకల్టీ ఆనుకోవడానికి గోడ. అటెండర్లు గుమ్మం దగ్గర నిలబడాలి, ఎవరికి ఎప్పుడు మంచినీళ్లు కావాలో తెలియదు కదా. పొరపాటున ఒక డీన్ గారి కుర్చీకి టవలు పడితే ఇంకో డీన్ గారు సభ బహిష్కరిస్తారు. ప్రోటోకాల్ విభాగం ముందురోజు రాత్రి కూర్చుని టవళ్లు లెక్కపెట్టుకునేది అందుకే.

మహిళా ప్రాతినిధ్యం లేదనే మాట రాకుండా ఆ ఏర్పాటూ చేస్తారు. ఒకే రంగు చీరలు కట్టుకు రమ్మని మేడమ్‌లకు వాట్సాప్ సందేశం వెళుతుంది. ఒకరు ప్రార్థన పాడతారు, ఇద్దరు బొకేల పళ్లెం పట్టుకుంటారు, ఒకరు జ్యోతి దగ్గర అగ్గిపెట్టె అందిస్తారు. పీహెచ్‌డీ చేసి పదిహేనేళ్లు పాఠం చెప్పిన ఆవిడ పళ్లెం పట్టుకుని నిలబడితే, వేదిక మీద అటు నుంచి ఇటు వరకూ మగవాళ్లు ఒకరికొకరు శాలువాలు కప్పుకుంటారు. ఫోటోలో అందరూ పడతారు. నాక్‌కు అది చాలు.

వీసీ గారు ముప్పావు గంట మాట్లాడతారు. మన సంస్కృతిలో స్త్రీని పూజిస్తామంటారు, మన క్యాంపస్ ఒక కుటుంబమంటారు. కుటుంబమన్న మాట ఆయన ఉత్తినే అనలేదు. అందులో కోడళ్లెవరో, పాలేర్లెవరో వినేవాళ్లకు బాగా తెలుసు. తర్వాత మరో ముఖ్యమైన సమావేశం ఉందని లేస్తారు. ఆయన్ని సాగనంపడానికి రిజిస్ట్రార్ లేస్తారు, రిజిస్ట్రార్‌ని సాగనంపడానికి డీన్లు లేస్తారు, డీన్లు చూస్తున్నారు కాబట్టి హెడ్డులూ లేస్తారు. ఐదు నిమిషాల్లో సోఫాలన్నీ ఖాళీ. ఇక మిగిలినవాళ్లు అగౌరవపరుద్దామన్నా కింద మనిషి లేనివాళ్లు. ఎదుటివారితో మర్యాదగా ఎలా మెలగాలో సాయంత్రం దాకా వాళ్లకు నేర్పుతారు.

పెద్దలు ఇలా లేచిపోవడానికీ ఒక రూలు ఆధారం ఉందని నా అనుమానం. లైంగిక వేధింపుల నివారణపై యూజీసీ 2015లో ఇచ్చిన నిబంధనల్లో, వీసీ, రెక్టార్, రిజిస్ట్రార్, డీన్లు, హెడ్డులు అంతర్గత ఫిర్యాదుల కమిటీలో సభ్యులుగా ఉండకూడదని రాసి ఉంది. కమిటీ ఎవరికీ లొంగకుండా పనిచేయాలని ఆ ఏర్పాటు. రాసినవాళ్లకు క్యాంపస్‌లు బాగానే తెలుసు. మనవాళ్లు దాన్ని ఇంకొంచెం సాగదీసి, కమిటీలో ఉండకూడదన్నారు కాబట్టి క్లాసులోనూ కూర్చోనక్కర్లేదని తేల్చుకున్నట్టున్నారు.

శిక్షణ ఇచ్చే మేడం కార్పొరేట్ కంపెనీల నుంచి వచ్చారు. స్లైడ్లు ఇంగ్లీషులో, ఉదాహరణల్లో జాన్, మరియా. జాన్ మీటింగులో మరియా మాటకు అడ్డం వచ్చాడు, ఇది తప్పా ఒప్పా? తప్పని హాలంతా చేతులెత్తింది. జాన్ మీద మనకేం మొహమాటం? అదే జాన్ స్థానంలో గుంటూరు నుంచో వరంగల్ నుంచో ఒక ప్రొఫెసర్ గారిని కూర్చోబెట్టి అడిగితే, ఎన్ని చేతులు లేచేవో నాకు సందేహమే.

ఆ తర్వాత ‘ప్రివిలేజ్ వాక్’ అన్నారు. అందరూ ఒక గీత మీద నిలబడాలి. మేడం ప్రశ్న చదువుతారు, ఆ సౌకర్యం మీకుంటే ఒక అడుగు ముందుకు, లేకపోతే వెనక్కి. మీ నాన్న డిగ్రీ చదివారా? చిన్నప్పుడు మీ ఇంట్లో ఇంగ్లీషు పేపరు వచ్చేదా? అమెరికాలో పుట్టిన ఆట ఇక్కడికొచ్చి తిరగబడింది. అందరికన్నా ముందు నిలబడితే సుఖపడ్డవాడని ముద్ర పడుతుందని జనం వెనక్కి నడవడం మొదలుపెట్టారు. పదెకరాల మాగాణి ఉన్న ఒక ప్రొఫెసర్ గారు కిరోసిన్ దీపం కింద చదివానంటూ రెండడుగులు వెనక్కేశారు. తాతగారి పేరుతో ఊళ్లో హైస్కూలున్న ఇంకొకాయన, ఆ స్కూలుకు తానూ నడిచే వెళ్లానని మూడడుగులు వేశారు. గోడ దగ్గర తోపులాట. పైగా ఆ గోడ అప్పటికే గెస్ట్ ఫ్యాకల్టీది.

అనువాదం చేస్తున్న తెలుగు లెక్చరరమ్మ ఉండబట్టలేక సొంత ప్రశ్న ఒకటి కలిపింది. ‘‘క్యాంపస్ బయట ఇల్లు అద్దెకు అడిగినప్పుడు, మీ పూర్తి పేరేమిటి, మీ ఊళ్లో మీ ఇల్లు ఏ వైపు, మీరు నీచు తింటారా అని ఎవరూ అడగకుండానే ఇల్లు దొరికినవాళ్లు ముందుకు రండి.’’ హాలు కాసేపు గప్‌చుప్. ఇదేమిటని మేడం అడిగితే ‘లోకల్ ఎగ్జాంపుల్’ అని చెప్పింది. స్లైడులో లేదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

సరిగ్గా అప్పుడే భోజనాలన్నారు. ఇందాకటి దాకా వెనక్కి నడిచినవాళ్లంతా ఒక్క ఉదుటున ముందుకొచ్చారు. వీఐపీ భోజనం గెస్ట్‌హౌస్‌లో, సాగనంపడానికి లేచిన సోఫాలవాళ్లు అక్కడే దొరికారు. మిగతావాళ్లకు షామియానా కింద ప్యాకెట్లు.

మధ్యాహ్నం దివ్యాంగుల హక్కుల మీద సెషన్. పెట్టింది మొదటి అంతస్తు సెమినార్ హాల్లో. లిఫ్టు రిపేరులో ఉంది. 2016 చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచిందని వక్త చెబుతుంటే, ఆ జాబితాలోని ఒక విద్యార్థి మెట్ల కింద వీల్‌చెయిర్‌లో కూర్చుని మైకులో విన్నాడు. ర్యాంపు లేకేం, బిల్డింగు ముందు ఉంది. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవుండాలని ప్రమాణం. కాంట్రాక్టరు రెండడుగుల ఎత్తును ఐదడుగుల్లో ముగించాడు. పైకి నెట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి, కిందికి రావడానికి దేవుడి దయ కావాలి. ర్యాంపు మొదట్లో శిలాఫలకం, చివర్లో క్రోటన్ కుండీలు. ఫోటోకి కుండీలు బాగుంటాయి.

కాగితాలకు మాత్రం కరువు లేదు. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 1997లో విశాఖ తీర్పు వచ్చింది. అది మన వైజాగ్ ఘనతేనని ఒక డీన్ గారు ఉదయం ప్రసంగంలో మురిసిపోతే, సరిదిద్దే ధైర్యం ఎవరికీ లేకపోయింది. బాల్యవివాహం ఆపబోయినందుకు రాజస్థాన్‌లో భంవరీ దేవి మీద జరిగిన ఘోరం నుంచి పుట్టిన తీర్పది. కోర్టుకెక్కిన సంస్థ పేరు విశాఖ. తీర్పు చట్టం కావడానికి 2013 దాకా పట్టింది. చట్టం వచ్చి పదేళ్లయ్యాక, 2023 మేలో, కమిటీలు అసలు వేశారో లేదో గడువులోగా లెక్క తేల్చమని ప్రభుత్వాలకు సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ కేసు మొదలైందీ విశ్వవిద్యాలయంలోనే, గోవాలో. కాంట్రాక్టు మనిషికీ, రోజుకూలీకీ ఆ చట్టం వర్తిస్తుంది. మన క్యాంపస్‌లో ఆ సంగతి చెప్పే పోస్టరు వీసీ ఛాంబరు ఎదురుగా అద్దాల బోర్డులో, ఇంగ్లీషులో, తాళం వేసి ఉంది. రోజూ ఆ అద్దం తుడిచే అవుట్‌సోర్సింగ్ అమ్మకు సదస్సు పిలుపు లేదు. ఆమె తమ ఉద్యోగి కాదు, ఏజెన్సీ మనిషి అంటారు.

కుల వివక్ష మీద కాగితమైతే ఆ చట్టం కన్నా ముందే ఉంది. ఉన్నత విద్యాసంస్థల్లో సమానత్వం కోసం యూజీసీ నిబంధనలు 2012వి. వాటి ప్రకారం సమాన అవకాశాల సెల్ ఉండాలి, వివక్ష నిరోధక అధికారి ఉండాలి, ఫిర్యాదు 60 రోజుల్లో తేలాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి గెంటేసిన ఐదుగురు దళిత విద్యార్థులు ఆరుబయట గుడారం వేసి దానికి వెలివాడ అని పేరు పెట్టే నాటికి ఆ నిబంధనలు పుస్తకంలో ఉన్నాయి. వాళ్లలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయిన రోజునా ఉన్నాయి. ఆ నిబంధనలు ఏమయ్యాయని అడగడానికి రోహిత్ తల్లి రాధిక, ముంబైలో చనిపోయిన డాక్టర్ పాయల్ తడ్వీ తల్లి ఆబెదా కలిసి 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇద్దరు తల్లులు గుర్తు చేస్తే తప్ప ఆ పుస్తకం దుమ్ము దులపలేదు. 2026 జనవరిలో కొత్త నిబంధనలు వచ్చాయి. వాటి మీద గొడవలయ్యాయి, నెల తిరగకుండానే కోర్టు వాటిని ఆపి, ప్రస్తుతానికి 2012వే నడవనివ్వమంది. నడవాలంటే ముందు అవి ఏ బీరువాలో ఉన్నాయో వెతకాలి.

సదస్సులో రానిది ఒక్కటే, పోస్టుల లెక్క. 2018లో యూజీసీ రిజర్వేషన్ల రోస్టర్‌కు యూనివర్సిటీని కాక డిపార్ట్‌మెంట్‌ని యూనిట్‌గా తీసుకోమంది. ఆ వరసలో నాలుగో పోస్టు బీసీలది, ఏడోది ఎస్సీలది, పద్నాలుగోది ఎస్టీలది. మూడు పోస్టులున్న డిపార్ట్‌మెంట్‌లో నాలుగోది ఎప్పుడొస్తుందో గణిత శాఖవాళ్లే చెప్పాలి. దేశమంతా ఆందోళనలయ్యాక 2019లో చట్టం చేసి, కేంద్ర విద్యాసంస్థల్లో మళ్లీ యూనివర్సిటీనే యూనిట్ చేశారు. అయితే ఇంటర్వ్యూ బోర్డుల చేతిలో ఇంకో మంత్రం మిగిలే ఉంది, ‘నాట్ ఫౌండ్ సూటబుల్’. సోమవారం వైవిధ్యం మీద ప్రసంగించినవారే మంగళవారం బోర్డులో కూర్చుని, రిజర్వుడు పోస్టుకు తగినవాడు దొరకలేదని సంతకం పెట్టగలరు. దానికి ఫోటో అడగరు.

ప్రశ్నల సమయంలో గోడ దగ్గరి గెస్ట్ లెక్చరర్ ఒకతను లేచాడు. ‘‘మేడం, నాలుగు నెలలుగా మాకు డబ్బులు రాలేదు.’’ టాపిక్‌లో ఉందామని మేడం నవ్వారు. ‘‘సరే మేడం, టాపిక్‌లోనే అడుగుతాను. మా హెడ్డు గారు నన్ను పేరు పెట్టి పిలవరు, ఆ కోటా అబ్బాయి అంటారు. ఇది మీరు చెప్పిన అన్‌కాన్షస్ బయాసేనా?’’ చాలా మంచి ప్రశ్న అని మేడం అన్నారు. సెల్‌లో ఫిర్యాదు ఇవ్వమన్నారు. అంతలో ఫీడ్‌బ్యాక్ ఫారాల లింకు వచ్చింది. అద్భుతం, చాలా బాగుంది, బాగుంది అని మూడే గడులు. ఏదో ఒకటి నొక్కితేగానీ సర్టిఫికెట్ దిగదు.

మర్నాడు అతను ఫిర్యాదు రాసుకుని సెల్‌కు వెళ్లాడు. బోర్డుంది, తాళముంది. అధికారి ప్రొఫెసర్ గారికి ఇది అదనపు బాధ్యత, ఆయన అసలు బాధ్యతలు పార్కింగూ స్పోర్ట్సూ. దొరకబుచ్చుకుని ఇస్తే, చదవకుండానే తిప్పి ఇచ్చేశారు. ‘‘నేరుగా తెస్తే ఎలా బాబూ, త్రూ ప్రాపర్ ఛానల్ రావాలి. మీ హెడ్డు గారితో ఫార్వర్డ్ చేయించుకురా.’’ ఫిర్యాదు అందితేనే కదా 60 రోజులు మొదలయ్యేది, అందినట్టు ఇంకా లెక్క లేదు.

శిక్షణ ఊరికే పోలేదు. హెడ్డు గారు అతన్ని మొదటిసారి ‘రండి, కూర్చోండి’ అన్నారు. టీ తెప్పించారు. అటెండర్‌ని పిలిచి ఒక ఫోటో కూడా తీయించారు, ఏడో ప్రమాణం ఫైలుకు పనికొస్తుందని. ఆ తర్వాత తన మీది ఫిర్యాదును తానే మొదటి నుంచి చివరి దాకా శ్రద్ధగా చదివి, అడుగున ముద్ర వేసి, ఆకుపచ్చ సిరాతో రాశారు: ‘ఫార్వర్డెడ్. నాట్ రికమెండెడ్.’