పుంజుగా పుట్టిన నేరానికి

కొడుకు పుడితే స్వీట్లు పంచే దేశం మనది. ఇదే దేశంలో మగపుట్టుకకు మరణశిక్ష వేసే చోటు ఒకటుంది: గుడ్ల కోళ్ల హేచరీ. 21 రోజులు ఇంక్యుబేటర్‌లో ఉండి, పెంకు పగలగొట్టుకుని బయటికొచ్చిన పిల్లను ట్రేలోంచి తీసి, రెక్క విప్పి ఈకలు చూస్తారు. పెట్టయితే టీకా వేసి, పెట్టెలో సర్ది ఫారానికి పంపుతారు. పుంజయితే? దానికి టీకా దండగ.

పాపం, దానికి జబ్బు లేదు, అవిటితనం లేదు. పూర్వం మందలోంచి ఏరెయ్యడమంటే బక్కదాన్నీ రోగిష్టిదాన్నీ తీసెయ్యడం. ఇక్కడ పొదిగినవాటిలో సగం పనికిరానివే! అలా చేసిందెవరు? నాటుకోళ్ల సంసారంలో పెట్ట గుడ్లు పెట్టేది, పుంజు పండక్కి కూరయ్యేది. మన బ్రీడింగ్ మేధావులు ఆ సంసారాన్ని రెండు ముక్కలు చేశారు. బ్రాయిలర్ వంశం ఆరు వారాల్లో రెండు కిలోలు తూగాలి. లేయర్ వంశం ఏడాదికి 300 గుడ్లు పెట్టాలి. లేయర్ ఇంట పుట్టిన పుంజు గుడ్డు పెట్టదు, ఒళ్లూ చెయ్యదు. ఇంకేం, మేత దండగ.

శిక్ష అమలుకు విదేశాల్లో గ్రైండరో గ్యాసో వాడతారు. మన దగ్గర కొన్నిచోట్ల ఆ ఖర్చు కూడా పెట్టరు. సంచిలో కుక్కితే ఊపిరాడక అవే పోతాయి, లేదంటే నీళ్ల డ్రమ్ముంది. కొన్నిటికి మాత్రం క్షమాభిక్ష దొరుకుతుంది: గులాబీ, ఆకుపచ్చ రంగులు పులిమి బుట్టల్లో ఊరూరా అమ్ముతారు. రెండ్రోజులు వాటితో మన పిల్లలు ఆడుకుంటారు. మూడో రోజు పిల్లి ఆడుకుంటుంది.

కోళ్ల ఫారాలకు పేరుమోసిన గోదావరి జిల్లాల్లోనే సంక్రాంతికి మరో పుంజు వైభోగం చూడండి. డేగో కాకో నెమలో అయితే దానికి బాదంపప్పు మేత, చెరువులో ఈత, కుక్కుటశాస్త్రం చూసి ముహూర్తం. దానిదీ చావే అనుకోండి, కాకపోతే కాలికి కత్తి కట్టించుకుని, లక్షల పందేల నడుమ చస్తుంది. హేచరీ పుంజుకు ఆ రాజయోగం ఎక్కడిది?

ఇక శాకాహార గుడ్డు భక్తులు. పుంజు తోడు లేకుండా పెట్టిన గుడ్డు కాబట్టి ప్రాణం లేదట, తింటే పాపం రాదట. నిజమే, ఆ గుడ్డులో ప్రాణం లేదు. దాన్ని పెట్టిన పెట్టకు తమ్ముడూ లేడు.

బడిపిల్లల పళ్లెంలో గుడ్డుతో నాకు పేచీ లేదు, అది ఉండాల్సిందే. పేచీ అల్లా మన నంగనాచి కబుర్లతోనే. జర్మనీ 2022 నుంచి, కొన్ని మినహాయింపులతో ఫ్రాన్స్ 2023 నుంచి ఈ చంపుడు ఆపించాయి. గుడ్డులో ఉండగానే ఆడో మగో తేల్చే యంత్రాలు అక్కడ పనిచేస్తున్నాయి. కడుపులో బిడ్డ ఆడో మగో చెబితే నేరమని మనకు 1994లోనే చట్టం వచ్చింది. గుడ్డు విషయంలో చూడకపోవడమే నేరమనే చట్టం మాత్రం మనకు ఇంకా రాలేదు. యంత్రం ఖరీదు మనకు బరువే, ఒప్పుకుంటాను. నీళ్ల డ్రమ్ము మాన్పించడానికి యంత్రమెందుకు?

జంతుహింస నివారణ చట్టం 1960 నుంచీ ఉంది కదా అంటారేమో. ఉంది. మొదటిసారి దొరికితే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. ఆ 50 రూపాయలకు ఇవాళ డజను గుడ్లు కూడా రావు.